ఔట్ పంచ్ పడితేనే హాజరు

“తప్పనిసరి” అన్న మాట మా ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో పదకొండు నిమిషాలుంది. 2023 సెప్టెంబరు 29, శుక్రవారం. సాయంత్రం ఆరు దాటాక హెచ్‌ఆర్ నుంచి మెసేజ్ వచ్చింది. ఆదివారం కొత్త బ్లాక్ ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథి వస్తున్నారు, సిబ్బంది అందరూ తప్పనిసరిగా హాజరు కావలెను అని. స్టాఫ్ బస్సులో కూర్చుని చదివాను. బస్సు నాతవలస దగ్గర హైవే వదిలి విజయనగరం రోడ్డు ఎక్కేసరికి అది తీసేశారు. దాని చోట ఇంకోటి పెట్టారు: “సిబ్బంది అందరూ స్వచ్ఛందంగా పాల్గొని కార్యక్రమాన్ని జయప్రదం చేయగలరు.”

పక్క సీట్లో క్యూసీ ల్యాబ్ కుర్రాడు నా మోచేతిని పొడిచాడు. “స్వచ్ఛందంగా రాకపోతే ఏటవుద్ది అన్నా?”

నవ్వి ఊరుకున్నాను. దానికి జవాబు నేనే రాయాల్సి వస్తుందని అప్పటికి తెలీదు. నేను టైం ఆఫీసులో పనిచేస్తాను.

పైడిభీమవరం ఎక్కడని అడిగేవాళ్ళకి: శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో, హైవే పక్కన. ఓ అడుగు అటేస్తే విజయనగరం జిల్లా. మందుల కంపెనీలు, కెమికల్ కంపెనీలు అక్కడక్కడే ఉంటాయి. జనం విజయనగరం నుంచి బస్సుల్లో, లావేరు, పూసపాటిరేగ పల్లెల నుంచి ఆటోల్లో, బళ్ళ మీద వస్తారు. మాది వాటిలో ఏ కంపెనీయో చెప్పను. వచ్చిన నాయకుడు ఏ పార్టీయో కూడా చెప్పను. పదకొండేళ్ళ సర్వీసులో అన్ని రంగుల కండువాలూ ఆ గేటులోంచి లోపలికి రావడం చూశాను. జనాన్ని పోగేసే పద్ధతి మాత్రం ఏ కండువాకీ మారలేదు.

టైం ఆఫీసంటే గేటు పక్కన గది, దానికో కిటికీ, రెండు పంచింగ్ మెషీన్లు, ఒక కంప్యూటరు, మూడు రిజిస్టర్లు. ఎవడు ఎన్నింటికి వచ్చాడు, ఎవడికి ఓటీ పడింది, ఎవడికి సీ-ఆఫ్ (సెలవు రోజు పనికి బదులిచ్చే సెలవు) మిగిలింది అన్నది అక్కడ తేలుతుంది. బయటివాళ్ళకి ఇదో చిల్లర గుమాస్తా పనిలా కనిపిస్తుంది. నెలాఖరున జీతం చీటీ చేతికొచ్చినప్పుడు మాత్రం అందరూ ముందు ఆ కిటికీ దగ్గరికే వస్తారు.

శనివారం పొద్దున్నే హెచ్‌ఆర్ మేనేజరు గారు పిలిచారు. ఆయన చెడ్డ మనిషి కాదు. విశాఖ నుంచి రోజూ వచ్చిపోతారు, మా పిల్లల చదువుల గురించి అడుగుతారు. ఆ రోజు మాత్రం రాత్రంతా నిద్రలేనట్టున్నారు. పైనుంచి ఆయనకి వచ్చిన మాట ఒకటే: టెంటు పలచగా కనిపించకూడదు. నీళ్ళు, కరెంటు, రోడ్డు, అనుమతులు, ఏ ఫ్యాక్టరీకైనా నాయకుడితో పని పడుతూనే ఉంటుంది. ఆ పని ఖర్చు చివరికి ఎవరి ఆదివారం మీద పడుతుందన్నది పైవాళ్ళు ఆలోచించరు.

“పొద్దున ఏడున్నరకల్లా ఇన్ పంచ్ అయిపోవాలి. ఆ తర్వాత మెషీన్లు ఆపెయ్. చీఫ్ గెస్ట్ కారు గేటు దాటాకే మళ్ళీ ఆన్ చెయ్యి. అప్పుడే ఔట్.”

“మధ్యలో ఎవరైనా వెళ్ళాల్సొస్తే సార్?”

“ఇన్ ఉండి ఔట్ లేకపోతే మిస్ పంచే కదా.”

“మిస్ పంచ్‌కి మామూలుగా ఫారం తీసుకుని సరిచేస్తాం సార్.”

“ఆ ఒక్క రోజుకీ ఫారాలొద్దు.”

అంతే. కాగితం లేదు, మెయిల్ లేదు. ఇది డ్యూటీయా సార్ అని మాత్రం అడిగాను. “డ్యూటీ ఏంటయ్యా, ఫంక్షను. అయినా సోమవారం గాంధీ జయంతి సెలవే కదా. ఆదివారానికి బదులు అది తీసుకున్నారనుకో” అన్నారు. ఆ మాటలో మెలిక నాకు మంగళవారం దాకా అర్థం కాలేదు. ఆ ముక్కే రాసివ్వండి సార్ అని అప్పుడే అడిగి ఉండాల్సింది. అడగలేదు.

కాంట్రాక్ట్ లేబర్‌కి ఈ మర్యాదలేవీ లేవు. వాళ్ళ సూపర్వైజరు కేంటీన్ వెనక నిలబడి నోటితోనే చెప్పేశాడు. “రేపు రానోళ్ళు మంగళారం గేటు కాడే నిలబడిపోవాల. తర్వాత నన్ననకండి.”

శనివారమంతా లిస్టులతోనే సరిపోయింది. టెంటులో ముందు వరసల్లో కూర్చునేవాళ్ళ ఆధార్ జిరాక్సులు పోలీసులకివ్వాలి. స్టేజీ దగ్గరివాళ్ళకి ఒక రంగు పాసు, బారికేడ్ లోపలివాళ్ళకి ఇంకో రంగు, వెనకాల నిలబడేవాళ్ళకి చేతికి కట్టే పట్టీ. పర్మినెంటు వాళ్ళు కంపెనీ యూనిఫాం, తెల్ల టోపీ. పేకింగు ఆడవాళ్ళకి కొత్త పసుపు జాకెట్లు ఇచ్చారు, సాయంత్రం తిరిగి ఇచ్చేయాలని చెప్పి మరీ. ఇద్దరు వర్కర్లని ఎంచి, నాయకుడు పలకరిస్తే ఏం చెప్పాలో కాన్ఫరెన్స్ హాల్లో కూర్చోబెట్టి నేర్పారు. నేర్చుకున్నవాళ్ళలో ఒకడు బయటికొచ్చి, “పెళ్ళి చూపులకి కూడా ఇంత సెప్పలేదు మావోళ్ళు” అన్నాడు.

ఆదివారం తెల్లారగట్ల నాలుగున్నరకి లేచాను. రాత్రి వాన పడి వెలిసింది, రోడ్డు మీద నీళ్ళు. రోజూ తిరిగే బస్సులు చాలవని స్కూలు బస్సులు కూడా మాట్లాడారు. ఏడయ్యేసరికి గేటు బయట బారు హైవే సర్వీసు రోడ్డు దాకా వెళ్ళింది.

ఇన్ పంచ్ సాఫీగానే నడిచింది. ఇబ్బందంతా తర్వాత చెకింగ్ దగ్గర. నల్లగుడ్డ లోపలికి వెళ్ళకూడదన్నారు. ఎవరైనా నిరసన చూపిస్తారని భయం కాబోలు. ఆడపిల్లలు తెలియక నల్ల చున్నీలతో వచ్చేశారు. తీసి టైం ఆఫీసులో పెట్టమన్నారు. ఏడింటి నుంచి ఎనిమిదింటి దాకా నేను చేసిన పని అదే. ఒక్కో చున్నీ మడతపెట్టి, అట్టముక్క మీద టోకెన్ నంబరు రాసి, దారంతో కట్టి, బల్ల మీద దొంతర పెట్టడం. ఇరవై మూడు చున్నీలు, రెండు గొడుగులు. ఒక కుర్రాడి చొక్కానే నలుపు. వాడికి ల్యాబ్ నుంచి ఏప్రాన్ తెచ్చి తొడిగారు.

సీసాలు కూడా వద్దన్నారు. మా వైపు పల్లెల ఆడవాళ్ళు పొద్దున వండుకునే తీరిక లేక చోడంబలి (రాగి అంబలి) సీసాలో పోసుకుని తెచ్చుకుంటారు. గేటు పక్క గోడ వారన అవన్నీ వరసగా పెట్టించారు. ఎండెక్కేసరికి ఆ మూల పులిసిన అంబలి వాసన. కాసేపటికి సెక్యూరిటీ వాళ్ళు ఓ మూటకట్టి ఎక్కడికో పట్టుకుపోయారు.

పది గంటలకి ఒక తమాషా జరిగింది. ఆ అక్టోబరు 1నే దేశమంతా ఉదయం పది నుంచి ఒక గంట శ్రమదానం చేయాలని ప్రధాని పిలుపిచ్చారు, గుర్తుందేమో. అతిథి రావడానికి ఎలాగూ టైముంది కదా అని జనం చేతికి చీపుళ్ళిచ్చారు. అప్పటికే మూడుసార్లు తుడిచిన రోడ్డు మళ్ళీ తుడిపించి ఫొటోలు తీశారు. నాకూ ఓ చీపురు దొరికింది. ఆ ఫొటోలో నేనున్నాను, ఇప్పటికీ కంపెనీ కారిడార్లో ఉంది.

ప్రోగ్రాం పదకొండుకి. పన్నెండైంది. పన్నెండున్నర అయింది. పాత బ్లాకులో ఆడవాళ్ళ బాత్రూములు సెక్యూరిటీ చెకింగ్ పేరుతో తాళమేశారు. టెంటు వెనక పెట్టిన రెండు మొబైల్ టాయిలెట్లు అతిథుల కోసం. ఉక్కపోత. వెనక వరసల్లో నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కళ్ళే నేల మీద కూలబడుతుంటే, “లేవండి, లేవండి, వచ్చేస్తున్నారు” అని సూపర్వైజర్లు తిరుగుతున్నారు.

అప్పుడొచ్చింది అప్ప నా కిటికీ దగ్గరికి. మా వైపు అక్కని అప్ప అంటాం. పేకింగులో కాంట్రాక్టు కింద ఆరేళ్ళుగా చేస్తోంది, నాకంటే పదేళ్ళు పెద్దది. చేతిలో ఫోను, ముఖం పాలిపోయి ఉంది.

“బావూ, నానెల్లిపోవాల. మనవడికి రాత్రికాడ్నించి జొరం, ఇప్పుడు ఒళ్ళు ఇదిలించీసినాడంట. ఔటు కొట్టీ.”

“మెషీన్లు ఆపేశారప్పా.”

“ఆపితే ఆపినారు. నువ్వు పుస్తకంలో రాసీ.”

పుస్తకమంటే మూవ్‌మెంట్ రిజిస్టరు. డ్యూటీ మధ్యలో గేటు దాటేవాళ్ళ పేరు, టోకెన్ నంబరు, టైము, కారణం రాసి సంతకం పెట్టించే పాత పొడుగు పుస్తకం. మెషీన్లు వచ్చాక దాన్ని పట్టించుకునేవాళ్ళు లేరు, పై అట్ట ఊడిపోయింది కూడా. ఫారాలొద్దని చెప్పారు గానీ పుస్తకం వద్దని ఎవరూ చెప్పలేదు. 12.40 అని వేసి, “మనవడికి ఫిట్స్” అని రాసి, వేలిముద్ర వేయించాను. ఆవిడ పసుపు జాకెట్ విప్పి కిటికీలోంచి నాకిచ్చి పరుగెత్తింది. అది చూసి ఇంకో ఎనిమిది మంది వచ్చి రాయించుకున్నారు. ఒకతనికి గ్రూప్ పరీక్ష, ఒకామెకి పాలు తాగే బిడ్డ, మిగతావాళ్ళకి ఏవో. రాశాను.

అతిథి ఒంటిగంటా యాభైకి వచ్చారు. ఉన్నది ఇరవై రెండు నిమిషాలు. నా కంప్యూటర్లో గేటు కెమెరా టైము చూసి చెబుతున్నాను. రిబ్బను, శిలాఫలకం, కొత్త బ్లాకులో ఒక చుట్టు, స్టేజీ మీద నాలుగు మాటలు. దిగేటప్పుడు, నేర్పి నిలబెట్టిన ఇద్దరినీ దాటేసి, ఎందుకో వెనక వరసలో ఒక ముసలామె దగ్గర ఆగారు. ఆయనకి జనం అలవాటే మరి. భుజం మీద చెయ్యేసి, “ఏం తల్లీ, ఇంకేం కావాలి మీకు?” అన్నారు.

“బేగి ఇంటికెల్లిపోవాల బావూ” అంది ఆమె.

చుట్టూ అందరూ నవ్వేశారు. ఆయనా నవ్వారు, ఏదో చమత్కారం అనుకుని. మా హెచ్‌ఆర్ సార్ ఒక్కరే నవ్వలేదు.

తర్వాత మెషీన్లు ఆన్ చేశాను. రెండు మెషీన్లు, ఎనిమిది వందల మంది పైమాట. ఇక్కడ బయటివాళ్ళకి తెలియని కష్టం ఒకటుంది. పేకింగులో, క్లీనింగులో ఏళ్ళ తరబడి చేసినవాళ్ళకి వేలిముద్రలు అరిగిపోతాయి. మామూలు రోజుల్లోనే నాలుగైదుసార్లు పెడితే గానీ మెషీను ఒప్పుకోదు. చెమట చేతులతో ఆ రోజు ఇంకా కష్టమైంది. చీర కొంగుకి తుడుచుకుని పెట్టడం, ఎర్ర లైటు వెలగడం, మళ్ళీ తుడుచుకోవడం. వెనకాల బస్సుల హారన్లు. విసిగిపోయి కొందరు ఔట్ కొట్టకుండానే బస్సెక్కేశారు. పులిహోర ప్యాకెట్లు పొద్దున కట్టినవి, నాలుగింటికి విప్పేసరికి నిమ్మకాయ పులుపు కాక వేరే పులుపు వచ్చేసింది.

సోమవారం సెలవు. మంగళవారం పొద్దున కంప్యూటరు ముందు కూర్చుంటే లెక్క ఇది: అసలు రానివాళ్ళు 64 మంది, ఇన్ ఉండి ఔట్ లేనివాళ్ళు 31 మంది.

ఆదివారం మా సాఫ్ట్‌వేర్లో అందరికీ వీక్లీ ఆఫ్. వీక్లీ ఆఫ్ నాడు ఎవరికీ ఆబ్సెంట్ పడదు, పడేలా ఆ ప్రోగ్రామే లేదు. ఆబ్సెంట్ వేయాలంటే ముందు ఆ రోజుని పనిదినంగా మార్చాలి. హెచ్‌ఆర్ నుంచి ఫోను వచ్చింది. 1వ తేదీ జనరల్ షిఫ్టు, 2వ తేదీ వీక్లీ ఆఫ్, అందరికీ, గంటలో.

మార్చాను. నేనే మార్చాను, అది దాచను. 2వ తేదీ గడిలో అప్పటిదాకా సెలవు గుర్తుగా ‘హెచ్’ ఉంది. అందరినీ ఒకేసారి సెలెక్ట్ చేసి ఎంటర్ కొట్టగానే హెచ్‌లన్నీ పోయి పై నుంచి కింది దాకా ‘డబ్ల్యూ’లు వచ్చేశాయి. గాంధీ జయంతి మా ఫ్యాక్టరీలో ఒక్క మీటతో అయిపోయింది. అప్పుడు తట్టింది నాకు శనివారం నాటి మెలిక.

కాంట్రాక్టు వాళ్ళకి వీక్లీ ఆఫ్‌కి కూలి ఉండదు. జాతీయ సెలవుకి ఉంటుంది. అంటే సోమవారం ఎలాగూ రావాల్సిన కూలిని తీసి ఆదివారం ఖాతాలో వేశారు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం నాలుగు దాకా నిలబడ్డ మనిషికి అదనంగా వచ్చింది సున్నా. ఔట్ పంచ్ లేని అప్పకి ఆదివారమూ పోయింది, సోమవారమూ పోయింది. రోజుకి 430 చొప్పున 860 రూపాయలు. కంపెనీకి మాత్రం ఇంత జనసమీకరణకి కూలి కింద ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

ఆ రాత్రి అన్నం సయించలేదు. మా మావయ్య లేబర్ డిపార్ట్‌మెంటులో చేసి రిటైరయ్యాడు, ఇప్పుడు శ్రీకాకుళంలో ఉంటున్నాడు. ఫోను చేసి అంతా చెప్పాను. ఆయనకి రిటైరయ్యాక మాట్లాడ్డానికి ఎవరూ దొరక్క, దొరికినవాణ్ణి వదలడు. ఆ రోజు మాత్రం అది నాకు కలిసొచ్చింది.

“1948 ఫ్యాక్టరీల చట్టం, సెక్షన్ 52 చూడరా. ఆదివారం పని చేయించుకోవచ్చు, కాదనలేదు. కానీ దానికి ముందు మూడు రోజుల్లోనో, తర్వాత మూడు రోజుల్లోనో ఇంకో రోజు సెలవియ్యాలి. ఇచ్చే ముందు మేనేజరు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి నోటీసు పంపాలి, ఫ్యాక్టరీలో బోర్డు మీద పెట్టాలి. పెట్టారా?”

“లేదు.”

“సరే. రెండోది, అక్టోబరు 2 నీ కంపెనీ ఇచ్చింది కాదు. జనవరి 26, ఆగస్టు 15 లాగే అది వేరే చట్టం కింద వచ్చిన సెలవు. మన రాష్ట్రానికి 1974లో చేసిన చట్టం ఉంది, జాతీయ, పండగ సెలవుల మీద. వారం సెలవు వేరు, అది వేరు. ఒకటిచ్చి రెండూ ఇచ్చామంటే కుదరదు.”

“వాళ్ళు అసలు డ్యూటీయే కాదు, ఫంక్షనంటున్నారు మావయ్యా.”

“అయితే ఆబ్సెంట్ ఎలా వేశావురా?”

నా దగ్గర మాట లేదు.

“డ్యూటీ అయితే సీ-ఆఫ్ ఇయ్యాలి, వారం గంటలు 48 దాటితే డబుల్ ఓటీ ఇయ్యాలి. ఫంక్షనైతే రానివాడి మీద గీత పడకూడదు. రెండిట్లో ఏదో ఒకటి. అదేదో రాసిమ్మను. గొడవ పడకు, యూనియన్ మాటలు మాట్లాడకు. గుమాస్తావి, గుమాస్తాలాగే అడుగు.”

ఇది 2023 నాటి మాట, అప్పటికి ఆ చట్టమే నడుస్తోంది. తర్వాత 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి. ఇప్పుడు ఇలాంటిది జరిగినవాళ్ళు సెక్షన్ నంబర్లు అందులో చూసుకోవాలి.

మర్నాడు గుమాస్తాలాగే హెచ్‌ఆర్ సార్‌కి మెయిల్ రాశాను. నాలుగు లైన్లు. “1.10.2023, 2.10.2023 తేదీల రోస్టరు మార్పుకి సంబంధించి ఆమోదం తెలిపిన మెయిల్, నోటీసు బోర్డు ప్రతి, ఇన్‌స్పెక్టర్ కార్యాలయానికి పంపిన నోటీసు ప్రతి రికార్డు నిమిత్తం పంపగలరు. 1వ తేదీ కార్యక్రమాన్ని డ్యూటీగా పరిగణించాలో లేదో తెలుపగలరు.” పంపు మీట నొక్కే ముందు పావుగంట దాని వంకే చూస్తూ కూర్చున్నాను. మా టైం ఆఫీసరు గారికి కాపీ పెట్టాను. ఆయనకి రిటైర్మెంటు ఇంకా రెండేళ్ళు. మెయిల్ చూసి నా బల్ల దగ్గరికొచ్చి, “నన్నెందుకు లాగావురా ఇందులోకి” అన్నారు. కోపంగా కాదు, దిగులుగా.

జవాబు రాలేదు. వారం తర్వాత పిలుపొచ్చింది.

“నీకెందుకయ్యా ఇవన్నీ? ఎవరన్నా కంప్లయింట్ ఇచ్చారా?”

“లేదు సార్. ఆడిట్‌లో అడుగుతారని.”

“ఆ రోజు అందరూ ఇష్టంతోనే వచ్చారు. శ్రమదానం కూడా చేశారు, ఫొటోలున్నాయి. శ్రమదానానికి జీతం లెక్కేంటి?”

“శ్రమదానం పంచ్ కొట్టి చేయరు కదా సార్.”

ఎలా అన్నానో నాకే తెలీదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “నేను మాత్రం ఏం చేయనయ్యా, పైనుంచి ఫోను వస్తే” అన్నారు చివరికి. పాపం అనిపించింది. అలాగని మెయిల్ వెనక్కి తీసుకోలేదు.

ఆ రోజుల్లోనే ఫోన్లో వెతుకుతుంటే అమెరికా సంగతి ఒకటి కనపడింది. పెన్సిల్వేనియాలో షెల్ కంపెనీ ప్లాంటు కడుతున్న చోటికి 2019 ఆగస్టు 13న ట్రంప్ వచ్చాడట. అక్కడి పనివాళ్ళకి కాంట్రాక్టర్ల ద్వారా అందిన కాగితంలో, హాజరు తప్పనిసరి కాదు అంటూనే, పొద్దున కార్డు స్కాన్ చేసి ఉండిపోతేనే ఆ రోజు జీతం అన్నారు. స్కాన్ లేకపోతే జీతం లేదు. అరవకూడదు, నిరసన చేయకూడదు అని కూడా. చదివి చాలాసేపు నవ్వుకున్నాను. వాళ్ళు కనీసం కాగితం మీద రాశారు. మాకు ఆ పాటి కాగితం ఉన్నా నా పని రెండు రోజుల్లో అయిపోయేది.

అసలు చిక్కు వీడింది నవంబరు మొదటి వారంలో. కాంట్రాక్టరు అక్టోబరు కూలి రిజిస్టరు పట్టుకొచ్చాడు. అప్పుడు అమల్లో ఉన్న 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టం ప్రకారం కూలి ఇచ్చేది కాంట్రాక్టరే అయినా, కంపెనీ తరఫు మనిషి సమక్షంలో ఇవ్వాలి, ఆ మనిషి రిజిస్టరు కింద సంతకం పెట్టాలి. కాంట్రాక్టరు ఎగ్గొడితే ఇవ్వాల్సింది కంపెనీయే. మా దగ్గర ఆ సంతకం టైం ఆఫీసరు గారిది. మామూలుగా కాఫీ తాగుతూ పెట్టేస్తారు. ఆ రోజు పెన్ను మూత తీసి, రిజిస్టరు తిప్పి, మళ్ళీ మూత పెట్టేశారు.

“ఆ మెయిల్‌కి జవాబొచ్చిందా?” అన్నారు నన్ను.

“లేదు సార్.”

“జవాబు లేకుండా దీని మీద సంతకం పెడితే రేపు నా పీఎఫ్ ఆగిపోదా?”

ఆగదు. ఆయన భయానికి అంత ఆధారం లేదు. నేను ఆ సంగతి చెప్పలేదు. అప్పటి నిబంధన ప్రకారం వెయ్యి మంది లోపు పనివాళ్ళున్నచోట 7వ తేదీ దాటకుండా కూలి ఇవ్వాలి. అప్పటికి 6వ తేదీ మధ్యాహ్నం. కాంట్రాక్టరు హెచ్‌ఆర్ గదికీ మా గదికీ నాలుగుసార్లు తిరిగాడు. సాయంత్రం ఐదింటికి మెయిల్ వచ్చింది. నా నాలుగు ప్రశ్నలకీ జవాబు లేదు అందులో. “2.10.2023 సెలవు దినంగా పునరుద్ధరించగలరు. 1.10.2023 హాజరు రికార్డు మేరకు సర్దుబాటు చేయగలరు” అని మాత్రం ఉంది.

రికార్డు మేరకు అన్నారు గనక నా పాత పుస్తకం తీశాను.

రానివాళ్ళు 64 మందికి ఆబ్సెంట్ పోయి వీక్లీ ఆఫ్ వచ్చింది. పూర్తిగా ఉన్నవాళ్ళలో పర్మినెంటు వాళ్ళకి సీ-ఆఫ్, కాంట్రాక్టు వాళ్ళకి ఒక రోజు కూలి. డబుల్ ఓటీ ఊసు ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఔట్ లేని 31 మందిలో మూవ్‌మెంట్ రిజిస్టర్లో ఉన్న తొమ్మిది మందికీ ఆదివారం కలిసింది. మిగిలిన ఇరవై రెండు మందికి ఏ కాగితమూ లేదు. ఎర్ర లైటుతో విసిగి బస్సెక్కినవాళ్ళు వాళ్ళలోనే ఎక్కువ. సాయంత్రం నాలుగు దాకా ఉన్నవాళ్ళు, మధ్యలో పోయినవాళ్ళకంటే అన్యాయమైపోయారు. వాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ నాతో మాట్లాడరు.

ఆ ఏడు నా ఇంక్రిమెంటు చీటీలో అందరికంటే తక్కువ అంకె వచ్చింది. కారణం రాయలేదు.

2024 మే 13న పోలింగు. అప్పుడు చూశాను సంతకంతో, స్టాంపుతో, బోర్డు మీద అద్దం వెనక పెట్టిన నోటీసు. జీతంతో కూడిన సెలవు, కాంట్రాక్టు వాళ్ళతో సహా అందరికీ. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 135బి అని ఒక సెక్షన్ ఉంది, దినసరి కూలీకి కూడా ఓటు రోజు కూలి కోయకూడదంటుంది. దానికి జరిమానా చూస్తే ఐదొందల రూపాయలే. అయినా ఆ నోటీసు మూడు రోజుల ముందే పడింది. అంతకుముందు ప్రచారం రోజుల్లో ఒక అభ్యర్థి షిఫ్టు మారే టైముకి గేటు దగ్గరికి వచ్చాడు. ఆయన్ని చూడ్డానికి ఎవరినీ ఆగమనలేదు, మెషీన్లూ ఆపమనలేదు. హెచ్‌ఆర్ సార్ నా కిటికీ దగ్గరికి స్వయంగా వచ్చి, “ఎవరి పంచ్ వాళ్ళని కొట్టుకోనీ” అని చెప్పి వెళ్ళారు.

నవంబరు సంగతి ఒకటి మిగిలిపోయింది. జీతాల రోజు సాయంత్రం అప్ప చీటీ పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చింది. మనవడు బాగున్నాడట, బడికెళ్తున్నాడట. చీటీలో 860 దగ్గర వేలు పెట్టి చూపించింది. కాంట్రాక్టరు దాన్ని ‘ఇతరములు’ అన్న గడిలో వేశాడు.

“ఇదేటి బావూ? ఆ దినం ఒచ్చినాయన ఇచ్చిన డబ్బులా?”

“కాదప్పా. ఆ ఆదివారం కూలీ, సోమవారం సెలవు కూలీ. నీవే.”

“నాయే?” అంది. చీటీ నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. వెళ్ళబోయి ఆగింది. “మరి నా సీసా? గేటు కాడ అట్టుకున్నారు కదా ఆ దినం. స్టీలుది, నా కూతురు కొన్నాది.”

సెక్యూరిటీ గదిలో వెతికాను, స్టోర్సులో అడిగాను, పాత బ్లాకు వెనక చెత్త దగ్గర కూడా చూశాను. దొరకలేదు. చున్నీలకి నంబర్లు కట్టాను గానీ సీసాలకి కట్టలేదు.